విద్యార్థులును గ్రామవిచారణయు

ఏటేట మన కళాశాలలనుండి పట్టములు పుచ్చుకొని వెలువడు యువజనులలో పెక్కుమందికి రెండు పనులు చేతకాకున్నవి. తమ గ్రామమున భూమి యెవరిదో, సేద్య మెవరిదో, అప్పు లెవరికి ఎంతయో విచారించి యథార్థముగా ఒక కాగితముపై వ్రాయుట మొదటిది. తమకు వచ్చిన పని యేదియో, దానిని ఎచ్చట చేసి చూపిరో యథార్థముగా వేరొక కాగితముపై వ్రాసి ఉద్యోగమునకు దరఖాస్తు పంపుట రెండవది. ఇవి వేర్వేరు విద్యలని మనము తలంచుచున్నాము. విచారింపగా రెండింటికిని మూల మొక్కటే: చూచినదానిని చూచినట్లు చెప్పగల శక్తి. ఈ శక్తిని కళాశాలలు నేర్పకున్నచో నష్టము విద్యార్థికి మాత్రమే గాదు, దేశమునకును కలుగును.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మదరాసు విశ్వవిద్యాలయమున 1915లో భారత ఆర్థికశాస్త్రమునకు మొదటి ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్టు స్లేటరు ప్రశ్నపత్రములను సిద్ధపరచి, సెలవులలో స్వగ్రామములకు పోవు శిష్యుల చేతికిచ్చి పంపెను. వారు తెచ్చిన వివరములతో 1918లో దక్షిణదేశ గ్రామములను గూర్చిన గ్రంథము వెలువడినది. 1930 దశకమున పి. జె. తామసు, కె. సి. రామకృష్ణన్ గార్లు ఆ గ్రామములనే మరల విచారణ చేయించి 1940లో ఫలితములను ప్రకటించిరి. అందలి ఇరువేల్పట్టు గ్రామమును తరువాతి పండితులు మన కాలమువరకును మరల మరల పరిశీలించుచు వచ్చిరి. సెలవులలో ఇంటికి పోయిన బాలుడు వ్రాసిన కాగితము నూరేండ్ల చరిత్రకు మొదటి పుట యైనది!

అంకెల విలువను జాతీయోద్యమము చక్కగా ఎరిగియుండెను. బార్డోలీ తాలూకాలో భూమిశిస్తును మొదట నూటికి 30 వంతులు, పిదప సుమారు 22 వంతులు హెచ్చింపదలచిన సర్కారువారి లెక్క గ్రామములలో సరిగా విచారింపని కౌలు వివరములపై నిలిచియుండెను. 1928 నాటి సత్యాగ్రహానంతరము నియమితులైన బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్ అను అధికారులు ఊరూర తిరిగి చూచి, హెచ్చింపు సుమారు 6 వంతులకు మించరాదని తేల్చిరి. రైతుల ధైర్యము విచారణను సాధించినది. విచారణ శిస్తును తగ్గించినది. మరుసటి సంవత్సరమే జె. సి. కుమారప్పగారు గుజరాతు విద్యాపీఠపు విద్యార్థులను వెంటబెట్టుకొని ఖేడా జిల్లాలోని మాతరు తాలూకాలో ఇంటింటి ఆదాయవ్యయములను విచారించిరి. 1931లో ప్రకటితమైన ఆ నివేదిక పేదరైతు శిస్తు చెల్లించు స్థితిలో ఉన్నాడా లేడా అను ప్రశ్నకు అంకెలతో ఇచ్చిన ప్రత్యుత్తరము.

మన రాష్ట్రమున కూడ ఈ దారి తెరువబడినది. 2020-21లో సవరింపబడిన డిగ్రీ పాఠ్యప్రణాళికయందు ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి విద్యార్థులకు 180 గంటల సమాజసేవా ప్రాజెక్టును విధించినది. గ్రామముననో పేటలోనో కుటుంబముల స్థితిగతులను సర్వే చేయుట అందొక భాగము. ఏర్పాటు శ్లాఘనీయమే. అయినను ఇంట కూర్చుండి కాగితములు నింపి, పొరుగువాని నివేదికను ఎత్తి వ్రాసి, అట్ట వేయించి సమర్పించినచో అది సర్వే కాదు, అబద్ధమున కభ్యాసము. అధ్యాపకుడు తోడుపోయి నేర్పనిదే ఈ పని ఫలింపదు.

నేర్పవలసినది ఏమి? మొదట ఇండ్లను ఎన్నుకొను పద్ధతి. 400 గడపలున్న ఊరిలో 40 ఇండ్లనే చూడదలచినచో రచ్చబండ చుట్టునున్న 40 ఇండ్లను చూచుట తగదు. గడపల జాబితా వ్రాసికొని, చీటి తీసి, అచ్చటినుండి ప్రతి పదవ యింటికిని పోవలెను. అప్పుడే ఊరిచివరి పేటలోని కూలివాని గుడిసెకును వంతు వచ్చును. రెండవది ప్రశ్న అడుగు తీరు. ‘సర్కారు సాయము మీకు చక్కగా అందుచున్నది కదా’ అని అడిగిన అందరును ఔననియే అందురు. ‘గడచిన పంటకు ఎరువు ఎచ్చట కొంటిరి? పైక మెవ్వరిచ్చిరి?’ అని అడిగినచో నిజము బయటపడును. భూస్వామి యెదుట కౌలుదారుని కౌలుమాట అడుగరాదు. ఇంటి ఖర్చు నడుపు ఇల్లాలిని అడుగక మగవాని మాటతో సరిపెట్టరాదు. చెప్పినవారి పేరు బయట పెట్టరాదు. తెలియదన్నచో తెలియదనియే వ్రాయవలెను గాని అందాజు వ్రాయరాదు.

ఇట్లు కూర్చిన వివరములతో శాసనములను తూచుట తరువాతి మెట్టు. కౌలుదారుల విషయమునే చూడుడు. మనలో కౌలు చాలవరకు నోటిమాటతో జరుగును. ఆంధ్రప్రదేశమున 2011 శాసనము సాగుదారులకు ఋణార్హత కార్డుల నేర్పరచినది. 2019 శాసనము పదునొకండు నెలలకు సాగుహక్కు పత్రములను ఏర్పరచినది. కాని దానికి భూయజమాని సమ్మతి సంతకము వలయును. తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబంధు పథకము ఎకరమునకు పంటకు 4000 రూపాయల చొప్పున పట్టాదారునకు ఇచ్చినది, కౌలుదారునకు ఇయ్యలేదు. విద్యార్థి ఇచ్చట నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఏ కష్టమును తీర్చుటకు ఈ ఏర్పాటు పుట్టినది? లాభ మెవరికి చేరినది? అమలు ఎవరి సంతకముకడ ఆగినది? వేరొక మార్గమున్నచో దాని ఖర్చెంత, చిక్కేమి? ఈ నాలుగింటికి ఊరిలో చూచిన నిదర్శనములతో రెండు పుటల ఉత్తరము వ్రాయగలవాడు విధానవిమర్శ నేర్చినవాడే. పక్షములవారి ఉపన్యాసములను వల్లించుట విమర్శ గాదు.

ఇచ్చట మన పాఠకులలోని భూస్వాములతో ఒక మాట చెప్పవలసియున్నది. పిల్లలు కాగితములు చేతబట్టి వాకిట నిలిచినప్పుడు కౌలుసంగతి దాచుట మనలో వాడుక. పేరెక్కినచో భూమి పోవునను భయ మిందుకు కారణము. ఈ భయము వట్టిదని తోసివేయరాదు. తాతలనాటి భూమిపై ఎవరికి మమకార ముండదు? కాని 2019 శాసనము కౌలుదారునకు పంటపై హక్కును గుర్తించినదే గాని భూమిపై స్వామ్యము నీయలేదు. నిజము మరుగుపడుటచే వరదలో పంట పోయినవానికి పరిహారము రాదు, బ్యాంకు అప్పు పుట్టదు. అతడు వడ్డీవ్యాపారిని ఆశ్రయించును. తుదకు మన కౌలుబాకియు నిలిచిపోవును. పైగా విద్యార్థులలో మన బిడ్డలును ఉన్నారు. ఇంట అబద్ధము చెప్పి, కళాశాలలో సత్యము నేర్పుమని కోరుట న్యాయమా?

ఇక ఉద్యోగపు దరఖాస్తు. నేటి యువకుడు దానిని ఎచ్చటనో దొరకిన నమూనా చూచి నింపుచున్నాడు. తాను శ్రమశీలుడననియు, పదిమందితో కలసి పనిచేయు నేర్పుగలవాడననియు అందు వ్రాయును. అట్టి మాటలు వేయిమంది వ్రాయుదురు. చదువువాడు వానిని నమ్మడు. ‘40 ఇండ్లను విచారించితిని, 6గురు సమాధాన మీయనందున రెండవసారి పోతిని, వివరములను పట్టికలుగా వ్రాసి, మా పంచాయతీకి నీటిపారుదలపై రెండు పుటల నివేదిక సమర్పించితిని’ అని వ్రాసినచో అది గుణవర్ణన గాదు, సాక్ష్యము. ఏ పనికి పంపుచున్నాడో ఆ పనికి తగిన సాక్ష్యమును ముందు పెట్టుట, లేనిది చేర్చకుండుట, ఒక పుటలో ముగించుట, ప్రత్యక్షవిచారణలో అడిగినదానికి నదురు లేక ఉత్తర మిచ్చుట — ఇవియే దరఖాస్తు విద్య. ఇంటింట తలుపుతట్టి అపరిచితులతో మర్యాదగా మాటాడినవానికి ఉద్యోగమిచ్చువాని గది భయము కలిగింపదు.

ఈ విద్య యున్నంతమాత్రమున అందరికిని ఉద్యోగములు దొరకునని మేము చెప్పము. కొలువులు తక్కువగా నున్నప్పుడు దరఖాస్తు కొలువును సృష్టింపలేదు. అయినను ఉద్యోగము దొరకకున్నను ఊరి లెక్క తెలిసినవాడు ఊరికి పనికివచ్చును. సహకార సంఘమునకును, పంచాయతీకిని, తన సేద్యమునకును పనికివచ్చును. కావున కళాశాలాధికారులు ఈ గంటలను వ్యర్థపుచ్చక, అధ్యాపకులను విద్యార్థులతోకూడ గ్రామములకు పంపవలెను. వారు తెచ్చిన నివేదికలను ఆయా గ్రామసభలలో చదివించి, తప్పొప్పులను ఊరివారిచేతనే దిద్దింపవలెను. మనమును వాకిట నిలిచిన బిడ్డకు పీట వేసి, నిజము చెప్పి పంపవలెను.