పాత ట్రాక్టర్ల ఆన్‌లైన్ పాటలు: సీజను తేడా అంతా లాభం కాదు

రోహిణి కార్తెకు ముందే పాత ట్రాక్టర్ల పాటలకు గిరాకీ పుంజుకుంటుంది. దమ్ములు ముగిసేసరికి బేరాలు మందగిస్తాయి. దసరా ముందు మరల లేచి, ధనుర్మాసంలో చల్లబడతాయి. కిస్తీలు చెల్లించని వారి నుండి స్వాధీనపరచుకున్న బండ్లను ఫైనాన్స్ కంపెనీలు ఆన్‌లైన్ వేలం ద్వారా విక్రయించడం వాడుకలోకి వచ్చిన తర్వాత కూడ ఈ ఒరవడి చెక్కుచెదరలేదు. అయితే పూర్వం యార్డుల చుట్టూ తిరిగే పది మంది వ్యాపారులకే తెలిసిన ఈ తేజీ మందీల లెక్క ఇప్పుడు సెల్‌ఫోను గల ప్రతివానికీ తెలిసిపోయింది. మందీలో నాలుగు బండ్లు పాడుకొని, సీజను వరకు నిలవ ఉంచి అమ్మితే చాలుననే నమ్మకంతో కొత్తవారు అనేకులు రంగంలోకి దిగారు. వీరిలో పలువురు వేయని లెక్క ఒకటి ఉన్నది. అది నిలవ ఖర్చు.

సరుకు రాబడి

ట్రాక్టరు అప్పుల కిస్తీలు చాలా చోట్ల నెలనెలా కాక, పంట చేతికి వచ్చే కాలాన్నిబట్టి ఆరు నెలలకొకటి చొప్పున ఉంటాయి. ఖరీఫ్ ధాన్యం అమ్ముడుపోయే డిసెంబరు, జనవరి నెలల్లో ఒక కిస్తీ, దాళ్వా పంట అమ్మిన తర్వాత మే, జూన్ నెలల్లో మరొకటి పడుతుంది. కిస్తీ తప్పిన వెంటనే బండి యార్డుకు రాదు. నోటీసులు, గడువులు, బేరసారాలు నడిచి బండి చేరడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు పడుతుంది. అందువల్ల సంక్రాంతి కిస్తీ తప్పిన బండ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోగుపడతాయి. మార్చి 31న కంపెనీలు ఖాతాలు ముగించాలి. మొండి బాకీలను ఆ లోపల వీలైనంత తగ్గించుకొనాలనే తొందర వారికి ఉంటుంది. మిగతా నెలల్లో హెచ్చుపాటకు ఆమోదం తెలపడానికి రోజుల తరబడి ఆలోచించే కంపెనీ, మార్చి నాలుగో వారంలో కొంచెం తక్కువ పాటకైనా సరేనంటుంది.

రాబడి ఎక్కువగా ఉండే మార్చికీ, గిరాకీ ముదిరే మే నెలాఖరుకూ మధ్య దూరం రెండు నెలలే. పాత ట్రాక్టర్ల వ్యాపారంలో చేయి తిరిగినవారు సొమ్ము తిప్పేది ప్రధానంగా ఈ రెండు నెలల్లోనే. బండి ఎండాకాలంలో షెడ్డులో ఉంటుంది గనుక తుప్పు, బురదల బెడద లేదు. వడ్డీ రెండు నెలలదే.

రెండవ మందీ దీనికి పూర్తిగా భిన్నమైనది. ఆగస్టు మధ్యకు నాట్లు ముగుస్తాయి. దాళ్వా కిస్తీ తప్పిన బండ్లు అప్పటికి యార్డులకు చేరుతూ ఉంటాయి. కొనేవారు తక్కువగా ఉంటారు కనుక పాటలు తక్కువగా పోతాయి. చూచేవారికి ఇది మార్చి కంటె మంచి బేరంగా కనుపిస్తుంది. కాని ఆ బండ్లు వానలో నిలిచినవి. ఫొటోలో రంగు మెరుస్తూనే ఉంటుంది. యార్డుకు వెళ్ళి చూస్తే బ్యాటరీ చచ్చి ఉంటుంది, లేదా అసలు ఉండదు. టైర్లు నెలల తరబడి ఒకే వైపు బురదలో దిగబడి పగుళ్లు విచ్చి ఉంటాయి. క్లచ్చి పట్టుకొనిపోతుంది, వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి. ఎక్కడి బండి అక్కడే, ఎలా ఉన్నది అలాగే అనే షరతు మీద జరిగే వేలం గనుక పాట ఖాయమైన పిమ్మట మొరపెట్టుకొనడానికి అవకాశం లేదు. వెనుకడుగు వేస్తే ధరావతు పోతుంది.

లెక్క ఇలా తేలుతుంది

ఉదాహరణకు ఒక పాత ట్రాక్టరును ఆగస్టులో 3,00,000 రూపాయలకు పాడుకొని, రబీ దుక్కులకు డిసెంబరులో అమ్మదలచిన వ్యాపారి లెక్క చూడవచ్చు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ చొప్పున నాలుగు నెలలకు 18,000 రూపాయలు. పాట నిర్వాహకుల రుసుము 6,000, యార్డు నుండి తెచ్చుకొనే రవాణా 8,000, బ్యాటరీ, టైరు, చిల్లర మరమ్మతులు 15,000, కాగితాల ఖర్చు 6,000 అనుకుంటే మొత్తం 53,000 రూపాయలు. అనగా 3,53,000కు అమ్మితే గాని అసలు గిట్టదు.

ఇప్పుడు సీజను బాగుండి, బండి 20 శాతం ఎక్కువకు, అంటే 3,60,000కు అమ్ముడుపోయిందనుకొందాం. చేతిలో 7,000 మిగిలినట్టు కనుపిస్తుంది. ఆ వ్యాపారి జి.ఎస్.టి. నమోదు గలవాడైతే కొన్న ధరకు, అమ్మిన ధరకు గల తేడా అయిన 60,000 మీద 18 శాతం పన్ను ఉన్నది. అమ్మిన ధరలోనే పన్ను కలిసి ఉన్నదనుకుంటే అది సుమారు 9,150 రూపాయలు. ఇరవై శాతం ధర పెరిగిన బండి మీద చివరకు రెండు వేల రూపాయల పైచిలుకు నష్టం తేలింది. పన్ను లెక్కకు తేడాలో నుండి వడ్డీని గాని, మరమ్మతును గాని, రవాణాను గాని తీసివేయడానికి వీలులేదన్నది చాలామంది గమనించని విషయం. పాత వాహనాలలో పలు రకాలపై ఈ పన్ను 12 శాతంగా ఉండేది. 2024 డిసెంబరు 21 నాటి కౌన్సిల్ సమావేశంలో అన్నిటికీ 18 శాతం చేయాలని నిర్ణయించగా, 2025 జనవరిలో అమలులోకి వచ్చినది. నమోదు లేని వ్యక్తి తన సొంత బండి అమ్ముకుంటే ఈ పన్ను వర్తించదు.

అదే బండిని మార్చి చివర అదే ధరకు పాడుకొని, మే నెలాఖరున అమ్మితే వడ్డీ 9,000తో సరి. మరమ్మతు సగానికి తగ్గవచ్చు. పెరుగుదల 18 శాతమే అయినా పన్ను పోను నాలుగు రాళ్ళు మిగులుతాయి. ఆగస్టు పాట తక్కువగా ఉన్నదని సంబరపడే ముందు, మార్చి పాట కంటె అది ఎంత తక్కువైతే గిట్టుబాటవుతుందో కాగితం మీద వేసుకొనడం మంచిది.

పక్క రాష్ట్రాల పాటదారులు

ఆన్‌లైన్ పాటల వల్ల వచ్చిన మరొక మార్పు, మన మందీ ఇతరులకు తేజీ కావడం. కేరళ తీరాన్ని జూన్ 1 ప్రాంతంలో తాకే నైరుతి మన జిల్లాలకు జూన్ మొదటి, రెండవ వారాల్లో వచ్చి, పంజాబు చేరేసరికి జూన్ నెలాఖరు అవుతుంది. తమిళనాడులో మేట్టూరు ఆనకట్ట నుండి నీరు వదలడం ఆనవాయితీగా జూన్ 12న అయినా, కావేరి డెల్టాలో సాంబా నాట్ల కాలం ఆ తర్వాత వస్తుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు అక్కడ వర్షాలిస్తాయి. మన వద్ద నాట్లు ముగిసి పాటలు దిగజారే వేళకు అక్కడి కొనుబడిదారుకు బండి అవసరం ఉంటుంది. హైదరాబాదు శివారు యార్డులోని బండికి అతడు ఊరు కదలకుండా పాట పెట్టగలడు. కనుక స్థానిక మందీకి అడుగున ఒక పట్టు ఏర్పడినది. అయితే పక్క రాష్ట్రం బండికి నిరభ్యంతర పత్రం తేవాలి. ఫైనాన్స్ కంపెనీ పేరుమీద 36వ ఫారం కింద కొత్త ఆర్.సి. వచ్చిందో లేదో చూడాలి. ఆ తర్వాత 29, 30 ఫారాలతో మార్పిడి జరగాలి. సీజను పది రోజుల్లో ముగియనుండగా కాగితాలు నెల రోజులు పట్టే బండికి హెచ్చు పాట పెట్టడం వృథా. పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుండి అధికార పత్రం తీసుకొనాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి ఉన్నది. అది గలవారికి కాగితాల పని కొంత సులువు.

ఇక టిప్పర్ల సంగతి. వానాకాలంలో నదులలో ఇసుక తవ్వరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాలు చెపుతున్నవి. కట్టుబడి పనులు కూడ ఆ నెలల్లో నెమ్మదిస్తాయి. అందుచేత జూన్ నుండి సెప్టెంబరు వరకు టిప్పర్ల పాటలు దిగాలుగా నడచి, అక్టోబరులో కదులుతాయి. ట్రాక్టరు వలె టిప్పరును షెడ్డులో పడవేసి మరచిపోవడానికి వీల్లేదు. మూడు నెలలకొకసారి పన్ను, బీమా, ఫిట్‌నెస్ గడియారం వలె నడుస్తూనే ఉంటాయి. ప్రభుత్వ శాఖల పాత బండ్లను ఈ లెక్కలో కలపరాదు. 15 ఏండ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను పొడిగింపు 2023 ఏప్రిల్ 1 నుండి లేదు. అవి తుక్కు కిందనే పోతాయి, వాటి ధరను ఇనుము ధరే నిర్ణయిస్తుంది.

సీజను రాని సంవత్సరాలు

మందీలో కొన్నవాని లెక్కను తలకిందులు చేసేది వర్షాభావం. వాన లేని ఏడు కిస్తీలు తప్పి యార్డులు నిండుతాయి, కొనవలసిన రైతు కూడ వెనుకాడతాడు. రాబడి, గిరాకీ రెండూ ఒకేసారి వ్యతిరేకంగా తిరుగుతాయి. 2023 ఆగస్టులో దేశంలో కురిసినంత తక్కువ వర్షం 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ కురవలేదు. ఆ ఏడే జూలై 18 నుండి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చి, ఆషాఢంతో కలిపి సుమారు రెండు నెలలు మంచి రోజులు లేకుండా పోయినవి.

ప్రభుత్వ నిర్ణయాలది మరొక బెడద. 2017 మార్చి 29న బి.ఎస్.-3 వాహనాల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుండి సుప్రీంకోర్టు నిషేధించగా, కంపెనీలు మిగిలిన సరుకును రెండు రోజుల్లో భారీ తగ్గింపులతో వదిలించుకున్నవి. కొత్తది అంత చవుకగా దొరికినప్పుడు పాతదాని ముఖం ఎవరు చూస్తారు? 2020లో మార్చి నుండి ఆగస్టు వరకు కిస్తీలపై రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇవ్వడంతో యార్డులకు వచ్చే సరుకే తగ్గిపోయినది.

ఇటీవలి దెబ్బ 2025లో తగిలినది. సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి, లారీలపై 28 నుండి 18 శాతానికి తగ్గినది. పన్ను గాక 7 లక్షల రూపాయల ధర గల కొత్త ట్రాక్టరు 7,84,000 నుండి 7,35,000కు దిగినట్టు లెక్క. తేడా 49,000 రూపాయలు. కొత్తదానిలో సగం ధర పలికే పాత బండి అదే దామాషాలో 24,500 దిగాలి. ఆ సంవత్సరం ఆషాఢం జూన్ 26 నుండి జూలై 24 వరకు, దసరా అక్టోబరు 2న. ఆషాఢంలో కొని దసరాకు అమ్మదలచి నిలవ వేసినవారు సరిగ్గా మధ్యలో చిక్కుకున్నారు. ట్రాక్టరు టైర్ల మీద కూడ పన్ను 18 నుండి 5 శాతానికి దిగడం వల్ల మరమ్మతు ఖర్చు కొంత తగ్గిన మాట నిజమే గాని, అది ఈ నష్టానికి ఏ మూలకూ రాదు. లారీల విషయంలో ఇంత తేడా కనుపించకపోవచ్చు. పన్ను జమ తీసుకొనే రవాణాదారుకు 28 అయినా, 18 అయినా చివరకు ఒకటే. జమ లేని చిన్న యజమానికే అది నిజమైన తగ్గింపు.

పంచాంగం, కార్తెలు

కార్ల పాటలు పూర్తిగా తిథులనుబట్టి నడుస్తాయి. ఆషాఢంలో, మౌఢ్యంలో, ధనుర్మాసంలో కొనేవారు తక్కువ. డిసెంబరులో ఇంకొక కారణం కూడ తోడవుతుంది. జనవరి 1 రాగానే ప్రతి బండీ ఒక ఏడాది పాతదైపోతుంది, అప్పిచ్చే కంపెనీలు మోడలు సంవత్సరాన్నే చూస్తాయి. కనుక డిసెంబరు రెండవ పక్షంలో నిలవ ఉన్న కార్లను కొంత తగ్గించి అయినా వదిలించుకొనడం నయం. ట్రాక్టరు కొనే రైతు మాత్రం వానను, కార్తెను చూస్తాడు. కార్తెలు ఏటా ఒకే తేదీలకు వస్తాయి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. తిథులు మాత్రం జరుగుతాయి.

2026లో ఈ రెండు లెక్కలకు బాగా ఎడం ఉన్నది. మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, మృగశిర కార్తె అందులోనే. ఆ నెలలో కార్ల పాటలు చల్లగా, ట్రాక్టర్ల పాటలు వేడిగా ఉండదగును. నిజ జ్యేష్ఠం జూన్ 16న మొదలై, ఆషాఢం జూలై 15 నుండి ఆగస్టు 12 వరకు సాగుతుంది. దసరా అక్టోబరు 20న. క్రితం ఏటి అలవాటు కొద్దీ జూన్ నెలాఖరున ఆషాఢపు ధరల కోసం ధరావతు కట్టి కూర్చునేవారికి ఆ ధరలు దొరికేది మూడు వారాల తర్వాతనే.