పెట్టను ముంగిస పట్టినప్పుడు

వానలు మొహం చాటేసిన ఏడు అనంతపురం పల్లెల్లో చెనక్కాయ చేతికి రాకపోయినా, పెరట్లో నాలుగు పెట్టలుంటే ఇల్లాలి చేతిలో కాస్త పైకం ఆడుతుంది. అలాంటి పెట్టను కుక్కో, ముంగిసో పట్టి వదిలితే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట, "ప్రాణం పోకముందే కత్తి తెండి!"

ఆ తొందరకు కారణముంది. క్రూరమృగం చీల్చి చంపినది నిషిద్ధం. ప్రాణముండగా జబహ్ చేస్తే హలాల్. దివ్య ఖుర్‌ఆన్ 5వ సూరా 3వ ఆయత్‌లోని ఆదేశమిది. సల్అ కొండ దగ్గర కాబ్ బిన్ మాలిక్ (రజి) గారి గొర్రెలు కాసే దాసి, చావబోతున్న గొర్రెను చూసి, ఒక రాయి పగలగొట్టి దాంతోనే జబహ్ చేసింది. తినవచ్చని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

అయితే ఇది అనుమతే గాని, గాయపడ్డ ప్రతి పెట్టనూ కోయమన్న ఆజ్ఞ కాదు. పేగులు బయటపడితే జాగు చేయకండి. కాళ్ళమీద నిలబడగలిగితే మాత్రం ప్రయత్నించి చూడండి. కోస్తే ఒక పూట కూర. బతికితే మళ్ళీ గుడ్లు, పిల్లలు.

ముందు దాన్ని వేరు చేయండి. నెత్తురు కంటపడితే తోటికోళ్ళే పొడుస్తాయి. శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తం ఆపి, కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగండి. ఈకలు విడదీసి చూడాలి సుమా, పంటిగాట్లు పైకి కనిపించవు. పిల్లి కోర దిగిందంటే గాయం చిన్నదైనా పశువైద్యునికి చూపాల్సిందే. గంప కింద ఉంచి, గాలాడేలా గోనెపట్ట కప్పండి. చీకట్లో బెదురు తగ్గుతుంది. నీళ్ళు గొంతులో పోయకండి, పొలమారుతుంది. గిన్నె ముందు పెడితే తానే తాగుతుంది. గాయం మీద ఈగ వాలనివ్వకండి, పురుగు పడుతుంది. మందు వాడితే వైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా దాని గుడ్లు తినరాదు.

మానిన పెట్టను పొద్దుగూకాక మిగతావాటి పక్కన వదలండి. గూటి తలుపు సంగతి మాత్రం దాడి జరిగిన రోజే చూసుకోవాలి. రుచి మరిగిన ముంగిస మళ్ళీ వస్తుంది.