పుస్తకం నచ్చకపోతే ఏం చేయాలి?



"ఆ నాటకం ఆడనివ్వకూడదు", "ఆ పుస్తకం అమ్మనివ్వకూడదు", "మనవాళ్లను అంత మాట అంటాడా?" - ఇలాంటి మాటలు మీ ఊళ్లో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. అలా అనేవారి బాధ అబద్ధం కాదు. కొలిచే దేవుణ్ణో, పుట్టిన కులాన్నో, ఇంటి ఆడవాళ్లనో తక్కువ చేశారనిపిస్తే ఎవరికైనా మనసు కష్టపెట్టుకోవడం సహజం. అయితే ఆ కష్టాన్ని ఎదురు మాట చెప్పి తీర్చుకోవాలా, అవతలివారి నోరు మూయించి తీర్చుకోవాలా? ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడా ఏమిటో ఇవాళ రెండు పుస్తకాల కథల ద్వారా చెబుతాను. రెండూ తమిళనాడులో జరిగినవే. మొదటిది మాత్రం మన తెలుగు పుస్తకం.

తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు 1739 నుంచి 1763 వరకు పాలించాడు. రాజుల ఇంటి భాష మరాఠీ, చుట్టూ ఉన్న ప్రజల భాష తమిళం, అయినా సభలో తెలుగు కవిత్వానికి పెద్దపీట ఉండేది. ఆ సభలో ముద్దుపళని అనే విదుషి ఉండేది. ఆమె "రాధికాసాంత్వనం" అనే శృంగార కావ్యం రాసింది. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆ తరవాత విరహం ఓర్చుకోలేక కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదారుస్తాడు. సాంత్వనం అంటే ఓదార్పే కదా! శృంగారం మన కావ్యాలకు కొత్త కాదు. ఇక్కడ ఆ కోరికను ఒక స్త్రీ స్త్రీ పక్షం నుంచి చెప్పింది. అదే కొత్త.

సుమారు నూటయాభై ఏళ్ల తరవాత ఈ కావ్యం బెంగుళూరు నాగరత్నమ్మగారి కంట పడింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద గుడి కట్టించిన సంగీత విదుషి ఆవిడే. మైసూరు దగ్గర నంజనగూడులో 1878లో పుట్టి, మద్రాసులో పేరు తెచ్చుకున్నారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు తీసివేసి ఉండటం ఆవిడ గమనించారు. రాతప్రతి సంపాదించి, లోపాలు పూరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి ప్రతిని అచ్చు వేయించారు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు అప్పటికే ఈ కావ్యాన్ని తప్పుపట్టి ఉన్నారు. స్త్రీలు వినదగనివి, స్త్రీ నోట రాదగనివి ఇందులో ఉన్నాయన్నది ఆయన అభిప్రాయం. నాగరత్నమ్మగారు ఊరుకోలేదు. సిగ్గు అనేది ఆడవారికేనా, మగకవులకు అక్కర్లేదా అని తన పీఠికలో నిలదీశారు. పంతులుగారు స్వయంగా మెచ్చి అచ్చుకు ఒప్పుకున్న మరో శృంగార కావ్యం సంగతి కూడా ఎత్తి చూపారు.

శ్రోతలారా, ఇంతవరకూ జరిగినది చక్కని వాదం. ఒకరు తప్పన్నారు, మరొకరు కాదన్నారు. పంతులుగారికి విమర్శించే హక్కు ఉంది. నాగరత్నమ్మగారికి బదులు చెప్పే హక్కు ఉంది. చదివేవారు రెండువైపులా విని తేల్చుకోవచ్చు.

1911లో పోలీసులు రంగంలోకి దిగారు. పుస్తకం అశ్లీలమని ప్రతులన్నీ స్వాధీనం చేసుకున్నారు. కావ్యం మీద నిషేధం పడింది. దాని ఫలితం ఏమిటో చూడండి. నింద పడ్డ కావ్యం అచ్చువేసి అమ్మడం నేరం, ఆ కావ్యం మీద వేసిన నింద మాత్రం అందరూ చదవవచ్చు. అంటే వాదంలో ఒకరి గొంతు మిగిలింది, రెండోవారి గొంతు పోయింది. వీరేశలింగంగారు 1919లో కన్నుమూశారు. ఆయన తరవాత కూడా మరో ఇరవై ఎనిమిదేళ్లు నిషేధం అలాగే ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు పూనుకోగా 1947 నాటికి తొలగింది. వావిళ్ల వారు 1952లో మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మగారు కాలం చేసింది కూడా ఆ ఏడాదే. ఇప్పుడా కావ్యం చదివి, పంతులుగారితో ఏకీభవించేవారూ ఉన్నారు, నాగరత్నమ్మగారితో ఏకీభవించేవారూ ఉన్నారు. ముప్పై ఆరేళ్లపాటు ఆ అవకాశమే లేకపోయింది.

"అది తెల్లదొరల కాలం, ఇప్పుడు మనకు రాజ్యాంగం ఉంది కదా" అని మీరనవచ్చు. నిజమే. రాజ్యాంగం 19వ అధికరణం మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. దానికి హద్దులు కూడా పెట్టింది. దేశ భద్రత, శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం వంటివి ఆ హద్దులు. "ఫలానా వారి ఇళ్లు తగలబెట్టండి" అని మైకులో చెప్పడం అభిప్రాయం కాదు, నేరానికి పురికొల్పడం. కానీ "నా మనసు నొచ్చుకుంది" అనేది ఒక్కటే ఆ జాబితాలో లేదు.

గుంపు గొడవ చేస్తుందనే భయం సంగతి కూడా సుప్రీం కోర్టు 1989లో తేల్చి చెప్పింది. రిజర్వేషన్ల మీద తీసిన "ఒరే ఒరు గ్రామత్తిలే" అనే తమిళ సినిమా విషయంలో వచ్చిన తీర్పు అది. మాటకూ ప్రమాదానికీ ఉన్న సంబంధం మందుగుండు పీపాకూ నిప్పురవ్వకూ ఉన్నంత దగ్గరగా ఉండాలని, ఊరేగింపులు చేస్తామని ఎవరో బెదిరించినంత మాత్రాన ప్రదర్శన ఆపకూడదని కోర్టు చెప్పింది. గొడవను అదుపు చేయడం ప్రభుత్వం పని.

చట్టంలో ఉన్నది ఊళ్లో అమలయితే ఇక సమస్యేముంది? రెండో కథ ఈ సంగతే చెబుతుంది. నామక్కల్ ప్రాంతపు రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో "మాదొరుబాగన్" అనే తమిళ నవల రాశారు. పిల్లలు లేని దంపతులు ఊరి మాటలు పడలేక పడే వేదన ఆ కథ. తిరుచెంగోడు తేరు ఉత్సవంలో ఒకప్పటి ఆచారమంటూ అందులో రాసిన విషయం తమ ఊరికీ స్త్రీలకూ అవమానమని 2014 చివర అక్కడ ఆందోళన లేచింది. పుస్తకం తగలబెట్టారు, బంద్ జరిపారు. ప్రభుత్వం నిషేధించనే లేదు. 2015 జనవరిలో జిల్లా అధికారులు శాంతి చర్చలని పిలిచి, రచయిత చేత క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టించారు. రచయితగా తాను చనిపోయానని ఆయన ప్రకటించుకున్నారు.

2016 జూలై 5న మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఒప్పందం రచయితను కట్టిపడేయదని, పుస్తకం చదవమని ఎవరినీ ఎవరూ బలవంతం చేయలేదని, నచ్చనివారు దాన్ని పక్కన పడేయవచ్చని చెప్పింది. రచయిత మళ్లీ కలం పట్టాలని కోరింది. ఆయన పట్టారు.

సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఈ విషయం మరింత దగ్గరిది. హోసూరులోనైనా, కోలారులోనైనా, రాయగడలోనైనా, సిరొంచలోనైనా మన తెలుగువాళ్లం రాష్ట్రం మొత్తం మీద చూస్తే తక్కువమందిమే. ఎక్కువమందికి కోపం వస్తే మాట ఆగిపోవాలనే నియమం పెట్టుకుంటే, మొదట ఆగిపోయేది తక్కువమంది మాట. ఇవాళ మన వీధిలో మనం ఎక్కువమందిమని ఒకరి నాటకం ఆపితే, రేపు తాలూకా కేంద్రంలో మన బడి గురించి, మన భాష గురించి మనం పెట్టుకునే సభను అదే మాట చెప్పి ఆపవచ్చు.

మరి నచ్చని మాట విన్నప్పుడు ఏం చేయాలి? ముందు ఆ పుస్తకం మీరే చదవండి, ఎవరో చెప్పింది విని తీర్పు ఇవ్వకండి. తప్పనిపిస్తే పత్రికకు ఉత్తరం రాయండి, సభ పెట్టి ఖండించండి, కొనవద్దని చెప్పండి. అది మీ స్వేచ్ఛ. మాట్లాడినవాడు కూడా ఆ విమర్శను భరించవలసిందే. మాట స్వేచ్ఛ అంటే మెప్పు హామీ కాదు. మీ పరువుకు అబద్ధంతో నష్టం చేస్తే కోర్టుకు వెళ్లండి. కొట్టమని, చంపమని పురికొల్పితే పోలీసులకు చెప్పండి. ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేస్తే, కారణాలు ప్రకటనలో చెప్పి తీరాలి. సంబంధం ఉన్నవారు రెండు నెలల లోపు హైకోర్టును ఆశ్రయించవచ్చు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది.

నాగరత్నమ్మగారి పీఠికకు ఇంకో పీఠికతో జవాబు ఇచ్చి ఉంటే మన సాహిత్యానికి ఒక మంచి వాదం మిగిలేది. పోలీసు జవాబు ఇవ్వడం వల్ల ముప్పై ఆరేళ్ల మౌనం మిగిలింది. నచ్చని మాట ఎదురైన రోజున ఈ సంగతి గుర్తు చేసుకోమని మిమ్మల్ని కోరుతున్నాను.