పని మానుకొను వయస్సుకు రైతు పొదుపు

ఉద్యోగము చేయువారికి పని మానవలసిన తేదీ కాగితముపై వ్రాసి యుండును. రైతుకు అట్టి తేదీ లేదు. మోకాళ్ళ నొప్పులతో గట్టు ఎక్కలేని నాడు, చూపు మందగించి ఆకుమీద పురుగు కానరాని నాడు, అదియే ఆయన విరమణ. ఆనాటికి చేతిలో ఏమి ఉండునన్న ప్రశ్న 40 ఏండ్లకు ముందే వేసికొనవలెను. పొలమున్నది, కొడుకులున్నారు అని చాలమంది ధైర్యము. ఆ రెండును ఉండి కూడ మందుల చీటీ చేతబట్టుకొని ఎవరిని అడుగవలెనా అని అరుగుమీద కూర్చున్న పెద్దలను మీరును ఎరుగుదురు, నేనును ఎరుగుదును.

నెలనెలా ఇంత దాచుడని జీతగాండ్రకు చెప్పు సలహా రైతుకు సరిపడదు. మనకు రొఖ్ఖము ఏడాదిలో ఒకటి రెండు సార్లే కంటబడును. కాని రైతుకు దాచుట తెలియదన్న మాట తప్పు. విత్తనమునకు మంచి గింజ తీసిపెట్టిన తరువాతనే గదా మిగిలినది తిండికి వాడుకొనుచుంటిమి. డబ్బు విషయములో మాత్రము ఇది తలక్రిందులైనది. బాకీలు, ఎరువుల దుకాణము, పెండ్లిండ్లు, పండుగలు అన్నియు అయిన పిమ్మట మిగిలినది దాచెదమందుము, మిగులుట ఉండదు. పంట డబ్బు బ్యాంకులో పడిన వారములోనే పదవ వంతు వేరు ఖాతాకు మార్చివేయుడు. లక్షా 20 వేలు వచ్చినచో 12 వేలు. ధర బాగున్న ఏడు రెండు వంతులు వేయుడు. పంట పోయిన ఏడు ఏమియు వేయకున్నను తప్పులేదు, ఉన్నదానిని తీయకున్న చాలును.

అయితే ప్రైవేటు అప్పు నెత్తిమీద నుండగా ఈ పని మొదలుపెట్టకుడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనగా ఏడాదికి 24 రూపాయలు. మీ డిపాజిట్టుపై బ్యాంకు ఏడు రూపాయలిచ్చెననుకొన్నను, నూటికి 17 రూపాయలు ఏటేట నష్టపోవుచుందురు. ముందు ఆ అప్పు తీర్చుటయే మీ పొదుపు. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవారికి రాయితీపోను 4 మాత్రమే పడును. గడువు దాటనిచ్చి ఈ రాయితీ పోగొట్టుకొనువారిని చూచినపుడు నాకు విచారము కలుగును. అప్పు తీరిన పిదప మొదట ఒక పంట పెట్టుబడికి సరిపడు సొమ్ము బ్యాంకులో నిలువ చేయుడు. తుపాను వచ్చిన ఏడు మరల పాత గుమ్మము ఎక్కకుండ అది కాపాడును.

ఇక పింఛను సంగతి. 2 హెక్టార్లు, అనగా సుమారు 5 ఎకరములకు మించని రైతులకై 2019లో ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజన ప్రారంభమైనది. 18 మొదలు 40 ఏండ్లవారు చేరవచ్చును. చేరినప్పటి వయస్సునుబట్టి నెలకు 55 నుండి 200 రూపాయల వరకు చెల్లింపు. కేంద్ర ప్రభుత్వము అంతే కలుపును. 60 నిండిన తరువాత నెలకు 3,000 రూపాయలు వచ్చును. పింఛనుదారు గతించినచో భార్యకు లేక భర్తకు 1,500 అందును. కామన్ సర్వీసు సెంటరులో పేరు నమోదు చేయుదురు. పి.ఎం. కిసాన్ సొమ్మునుండియే వాయిదాలు కట్టునట్లు కోరవచ్చును. చేరదగినదే, కాని దీనినే నమ్ముకొనరాదు. ఈ 3,000 ధరలతోపాటు పెరుగదు. ధరలు ఏటా నూటికి 5 చొప్పున పెరిగినచో, నేడు 29వ ఏట నెలకు 100 రూపాయలతో చేరినవారికి 60వ ఏట అందు 3,000తో, నేడు 700 రూపాయలకు దొరకు సరకు కూడ రాదు.

40 దాటినవారికి పోస్టాఫీసులోను బ్యాంకులలోను పబ్లిక్ ప్రావిడెంటు ఫండు ఉన్నది. ఏడాదికి 500 నుండి లక్షా 50 వేల వరకు ఎప్పుడు వీలైన అప్పుడు వేయవచ్చును గనుక పంట రాబడికి ఇది అనుకూలము. గడువు 15 ఏండ్లు. గడువు పొడవు అని కొందరు సణుగుదురు. నా దృష్టిలో అదియే దాని గుణము.

పైరు మార్చుట కూడ పొదుపే. నీటి వసతి గలవారు 50వ ఏట ఒక ఎకరములో 10 మీటర్ల ఎడమున 40 మామిడి అంట్లు నాటినచో నాలుగైదేండ్లకు కాపు మొదలై, 60 నాటికి మంచి రాబడి నిచ్చును. వరి, మిరపల వలె ప్రతిదినము పొలములో నిలువనక్కరలేదు. మొదటి ఏండ్లలో నడుమ అపరాలు, కూరగాయలు వేసికొనవచ్చును.

పొలమంతయు బ్రదికియుండగనే పిల్లల పేర రిజిస్టరు చేయు విషయములో తొందరపడకుడు. కొంత భూమి, ఇల్లు తమ పేరనే ఉంచుకొనుట మేలు. ఇచ్చితీరవలసినచో, పోషణ బాధ్యత పుచ్చుకొనువారిదేనని దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయించుడు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 23వ సెక్షను ప్రకారము, అట్టి షరతుతో ఇచ్చిన ఆస్తిని పుచ్చుకొని పోషింపనిచో, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునలు ప్రకటింపగలదు. నోటిమాటపై ఇచ్చినవారికి అది ఋజువు చేయుట చాల కష్టము.

ఖాతాలన్నిటికిని నామినీ పేరు వ్రాయించితిరో లేదో ఈ వారమే చూచుకొనుడు. పాసుపుస్తకములు ఏ పెట్టెలో ఉన్నవో, ఏ వాయిదా ఎప్పుడు కట్టవలెనో ఇంటి ఇల్లాలికి కూడ తెలిసియుండవలెను.