శునకాహారము: ఇంటి వంటయా, అంగడి సరకా?

మన పల్లెలలో కుక్కను పెంచుటకు ప్రత్యేకమైన వ్యయ మనునది యుండెడిది కాదు. ఇంటివారు తినగా మిగిలిన యన్నము, కుండ కడిగిన గంజి, పండుగనాడు రెండెముకలు, ఇంతియే దాని భోజనము. నేడు పట్టణములలోని అంగళ్లలో బియ్యపు బస్తాల సరసనే కుక్కల యాహారపు సంచులును వరుసదీరి యున్నవి. వాని ధర చూచి కొందఱు నవ్వుదురు. వానిపైనున్న బొమ్మ చూచి కొందఱు నమ్ముదురు. కుక్కకు ఇంట వండి పెట్టుట మేలా, అంగడిలో కొని పెట్టుట మేలా యని మా విద్యార్థులును, వారి తల్లిదండ్రులును మమ్ము తఱచుగా నడుగుచున్నారు. ఆ ప్రశ్నకు మేము నేర్చుకొన్నంతవఱకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విషయమున మేమును ఒకప్పుడు తప్పు చేసినవారమే. కొన్ని సంవత్సరములక్రిందట మా వసతిగృహపు వంటశాల వెనుక నొక కుక్కపిల్ల వచ్చి చేరెను. బాలురు దానికి టైగరని పేరు పెట్టిరి. రెండు పూటల భోజనముల తరువాత గిన్నెలలో మిగిలిన అన్నము, చారు, పలుచని మజ్జిగ కలిపి దానికి పెట్టుచుంటిమి. అది కడుపునిండ తిని బొద్దుగా పెరుగుచుండగా చూచి సంతోషించుచుంటిమి. అయిదవ నెల వచ్చునప్పటికి దాని ముందుకాళ్లు విల్లువలె వంగెను. వసారా మెట్లెక్కుటకు అది మూలుగ నారంభించెను. పశువైద్యునియొద్దకు తీసికొనిపోగా ఆయన కాళ్లను తడవి చూచి, “దీనికి మీరేమి పెట్టుచున్నారండీ?” అని యడిగెను. “అన్నమేనండీ, కడుపునిండ పెట్టుచున్నాము” అని మేము కొంచెము గర్వముతోనే చెప్పితిమి. “కడుపు నిండినది గాని ఎముక నిండలేదు” అని ఆయన బదులు చెప్పెను. ఆ మాట మేము నేటివఱకును మఱువలేదు.

ఆ మాట వెనుక నొక పెద్ద చరిత్ర కలదు. ఇంగ్లండు దేశపు పారిశ్రామిక పట్టణములలో నొకప్పుడు వేలకొలది పసిబిడ్డలు రికెట్సు అను వ్యాధివలన కాళ్లు వంగి బాధపడుచుండిరి. దానికి కారణమేమో తెలిసికొనుటకై ఎడ్వర్డ్ మెల్లన్బీ అను శాస్త్రజ్ఞుడు 1918, 1919 సంవత్సరముల ప్రాంతమున కుక్కపిల్లలను ఎండ తగులని గదులలో నుంచి, ఓట్లు మొదలగు ధాన్యముల జావతో పెంచెను. వానికిని అట్లే ఎముకలు వంగెను. కాడ్ అను చేప కాలేయపు నూనె త్రాగించిన పిల్లలకు మాత్రము ఆ వ్యాధి రాలేదు. ఆ నూనెలో రికెట్సును మాన్పు విటమిను ‘డి’ యున్నదని 1922లో అమెరికాలో మెకాలమ్ మొదలగువారు నిర్ధారణ చేసిరి. ధాన్యముతో కడుపు నిండినంత మాత్రమున ఎముక గట్టిపడదని లోకమునకు మొదట తెలిపినవి కుక్కపిల్లలే!

ఇట్టి యుదాహరణము మన దేశమునను కలదు. దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా బ్రతుకు పేదలకు పెల్లాగ్రా యను చర్మవ్యాధి వచ్చుచుండెడిది. ఇది నయాసిన్ అను విటమిను కొఱతవలన కలుగు వ్యాధి. అదే కొఱతవలన కుక్కలకు కలుగు వ్యాధిని నల్లనాలుక యందురు. 1937లో అమెరికాలో ఎల్వెజమ్ అను శాస్త్రజ్ఞుడు నల్లనాలుక వచ్చిన కుక్కలకు ఈ విటమిను ఇచ్చి స్వస్థపఱచెను. 1960వ దశకమున హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు గోపాలన్ గారును, వారి సహచరులును కుక్కలకు జొన్నలతో కూడిన యాహారము పెట్టి పరీక్షింపగా వానికి నల్లనాలుక వ్యాధి కలిగెను. జొన్నలో లూసీన్ అను నంశ మధికముగా నుండుట దీనికి కారణమని వారు భావించిరి. జొన్న చెడ్డదని దీని యర్థము కాదు. ఏ ధాన్యమైనను తానొక్కటియే భోజనము కాజాలదని దీని యర్థము.

అట్లయిన కుక్క మాంసాహారి గదా, దానికి అన్నమేల యని కొంద ఱడుగుదురు. కుక్క తోడేలు వంశమున పుట్టినదే గాని, వేలకొలది సంవత్సరములు మనుష్యుని ముంగిట బ్రతికి, అతని కూటికి కొంత యలవాటుపడినది. 2013లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పిండిపదార్థములను జీర్ణముచేయు జన్యువు తోడేలుకు రెండే ప్రతులుండగా, కుక్కకు నాలుగు మొదలు ముప్పదివఱకు నున్నవని కనుగొనిరి. కావున ఉడికిన యన్నము కుక్కకు విషము కాదు, చక్కగా జీర్ణమగును. అయినను కుక్క శరీరము మన శరీరమువంటిది కాదు. అది విటమిను ‘సి’ని తన కాలేయమునందే తయారుచేసికొనగలదు, మనము చేసికొనలేము. మనము ఎండలో నిలిచి చర్మమున విటమిను ‘డి’ని తయారుచేసికొందుము, కుక్క తనకు చాలినంత చేసికొనలేదు, ఆహారమునుండియే పొందవలెను. తన బరువునుబట్టి చూచినచో దానికి మాంసకృత్తులును, కాల్షియమును మనకంటె చాల నెక్కువ కావలెను. మనకు చాలిన భోజనము దానికిని చాలుననుకొనుటయే మనవారు చేయు మొదటి పొరపాటు.

విద్యార్థులు దీనినొక చిన్న లెక్కగా చేసి చూడవచ్చును. 10 కిలోల బరువుగల పెద్ద కుక్కకు దినమునకు సుమారు 600 కాలరీల శక్తి కావలెననుకొందము. 100 గ్రాముల యన్నములో 130 కాలరీలుండును. అన్నము మాత్రమే పెట్టినచో దాదాపు 460 గ్రాములు పెట్టవలెను. అందులో మాంసకృత్తులు 12 గ్రాములకు మించవు. అమెరికాలో పశ్వాహార నియమములు చేయు అధికారుల సంఘమువారి కొలత ప్రకారము ఆ కుక్కకు 27 గ్రాములైనను కావలెను. కాల్షియము 750 మిల్లీగ్రాములు కావలసియుండగా ఆ యన్నములో 50 మిల్లీగ్రాములైనను దొరకుట కష్టము. అనగా పదునైదు పాళ్లలో నొక పాలు! మా టైగరు కాళ్లు వంగుటలో నాశ్చర్యమేమున్నది? పెరుగుచున్న పిల్లకు ఈ కొలతలకంటె నెక్కువ కావలెను గదా.

ఇప్పుడు అన్నమును 300 గ్రాములకు తగ్గించి, మూడు ఉడికించిన కోడిగ్రుడ్లు కలుపుదము. శక్తి సరిపోవును, మాంసకృత్తులు 25 గ్రాములవఱకు వచ్చును. కాని కాల్షియము 100 మిల్లీగ్రాములను మించదు. ఆ లోటు తీర్చుటకు ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూఱిన గ్రుడ్డుపెంకు పొడి సుమారు రెండు గ్రాములు కావలెను. ఇంతటితో లెక్క ముగిసినదా? ముగియలేదు. జింకు, రాగి, అయొడిను, విటమిను ‘ఇ’ ఇంకను కొఱతగానే యుండును. కేవల మాంసము పెట్టినను చిక్కు తీరదు; మాంసములో భాస్వరము మెండు, కాల్షియము మిక్కిలి తక్కువ. అట్టి కుక్క తన యెముకలలోని సున్నమునే కరగించుకొని రక్తమునకు సమకూర్చుకొనును. 2013లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు కుక్కలకై ఇంట వండు 200 వంటకముల విధానములను పరీక్షింపగా, నూటికి 95 విధానములలో ఏదో యొక ముఖ్యాంశము కొఱతగానే యుండెను. వానిలో పశువైద్యులు వ్రాసినవియు కొన్ని కలవు.

ఇంటి వంట వేఱు, ఇంటి మిగులు వేఱు అని కూడ గుర్తింపవలెను. మన కూరలలోను పులుసులలోను ఉల్లి, వెల్లుల్లి లేనివి యెన్ని? ఈ రెండును కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను చెఱచును; ఉడికించినంత మాత్రమున ఆ గుణము పోదు. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష మూత్రపిండములను పాడుచేయగలవు. చాక్లెట్టులోని థియోబ్రోమిన్ గుండెకును నరములకును హాని చేయును. చక్కెర లేని మిఠాయిలలో వేయు జైలిటాల్ కొంచెమైనను ప్రమాదకరమే. ఉడికిన కోడియెముకలు చీలికలై గొంతున, ప్రేవులలో గ్రుచ్చుకొనును. పండుగనాడు ప్రేమతో మనము విసరు నెముకయే కొన్నిమారులు పశువైద్యుని శస్త్రమునకు పని కల్పించును.

ఇక అంగడి యాహారము మాట. దీని చరిత్రయు వినోదకరమే. 1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అను అమెరికా వర్తకుడు పిడుగుల నాపు లోహపు కడ్డీల నమ్ముటకు లండను నగరమునకు వచ్చెననియు, అచట ఓడరేవున నావికులు పాఱవేసిన గట్టి రొట్టెలను కుక్కలు తినుట చూచి ఆయనకు క్రొత్త వ్యాపారము తోచెననియు చెప్పుదురు. గోధుమపిండి, కూరగాయలు, మాంసము కలిపి ఆయన కుక్కల బిస్కత్తులు చేసి యమ్మెను. 1922లో అమెరికాలో గుఱ్ఱపుమాంసమును డబ్బాలలో నింపి యమ్మ నారంభించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున తగరము దొరకక డబ్బాలు తగ్గి, ఎండు ఆహారము వ్యాపించెను. 1950వ దశకమున పిండిని ఆవిరితోను ఒత్తిడితోను ఉడికించి, యంత్రపు రంధ్రములగుండ త్రోసి, గుళికలుగా పొంగించు పద్ధతి వచ్చెను. నేడు మనము చూచు గుళికలవంటివి అవియే. అట్టి యాహారమును చేయు కర్మాగారము మన తెలంగాణములోని సిద్దిపేట జిల్లాలోను కలదు.

ఈ యాహారమునకు గల గొప్పగుణము కొలత. మంచి తయారీదారులు మాంసకృత్తులు, క్రొవ్వు, ఖనిజములు, విటమినులు లెక్కకట్టి కలుపుదురు. ప్రతిదినమును ఒకే విధముగా నుండును. దోషములును లేకపోలేదు. 2007లో ఉత్తర అమెరికాలో అమ్మిన కొన్ని యాహారములలో, చైనానుండి వచ్చిన గోధుమ పదార్థమున మెలమైన్ అను రసాయనమును కలిపినట్లు బయటపడెను. మాంసకృత్తులు హెచ్చుగా నున్నట్లు పరీక్షలో కనబడుటకై చేసిన మోసమది. దానివలన మూత్రపిండములు చెడి అనేకములైన కుక్కలును పిల్లులును చనిపోయినవి. సంచి దొడ్డదైనంత మాత్రమున, బొమ్మ అందముగా నున్నంత మాత్రమున నమ్మరాదు. వానకాలమున విప్పిన సంచిలో బూజు పట్టును. ఆ బూజు విషము కాలేయమును చెఱచును.

కొనువారు సంచి వెనుక వ్రాసినది చదువవలెను. అది సంపూర్ణాహారమని వ్రాసియున్నదా, లేక అనుబంధాహారము మాత్రమేనా? ఏ వయస్సు కుక్కకు ఉద్దేశింపబడినది? తేమను తీసివేసి లెక్కించినచో, పైన చెప్పిన సంఘమువారి కొలత ప్రకారము పెద్ద కుక్కకు నూటికి 18 పాళ్లు, పెరుగు పిల్లకు ఇరువదిరెండున్నర పాళ్లు మాంసకృత్తులైనను ఉండవలెను. ఎండు గుళికలలో నీరు నూటికి 10 పాళ్లు, డబ్బా యాహారములో 75 పాళ్లకు పైగా నుండును. ఈ భేదము తెలియక రెండింటి అంకెలను సరిపోల్చుట పొరపాటు. తయారైన తేదియు, గడువును చూడుడు. సంచి విప్పిన తరువాత మూతి గట్టిగా కట్టి పొడిచోట నుంచుడు.

కావున మా యభిప్రాయ మిది. పెరుగుచున్న పిల్లలకు, చూలుకుక్కలకు, పాలిచ్చు తల్లులకు, ముఖ్యముగా పెద్దజాతి పిల్లలకు నమ్మదగిన సంపూర్ణాహారమే క్షేమము. వారి విషయమున పొరపాటు దిద్దుకొనుటకు కాలము చాలదు. పెద్ద కుక్కకు ఇంట వండిపెట్టవలెనను కోరిక గలవారు పశువైద్యునిచే కొలతలు వ్రాయించుకొని, ఆ కొలత తప్పక, ఉల్లి, కారము వేయక, ఉప్పును అతి స్వల్పముగా వేసి, వేఱుగా వండవలెను. రెండును కలిపి పెట్టువారు చిల్లర తినుబండారములు దినపు కాలరీలలో పదవ వంతు మించకుండ చూడవలెను. ఒక యాహారమునుండి మఱియొక దానికి మార్చునప్పుడు వారము దినములు కొంచెము కొంచెముగా మార్చవలెను.

సంచి కొనలేని యింట కుక్కను పెంచరాదా యని యొక విద్యార్థి మమ్ము అడిగెను. అట్లనుట మాకిష్టము లేదు. మనుష్యులకే గ్రుడ్డు కరవైన యిండ్లు మనలో ననేకములు కలవని మేమెఱుగుదుము. అట్టివారు మిగిలిన చారన్నమునకు బదులు, తమకు వీలైనప్పుడెల్ల తెల్లయన్నములో ఒక గ్రుడ్డో, ముండ్లు తీసిన యుడికిన చేపయో కలుపుడు. అది సంపూర్ణము కాదు గాని నిన్నటికంటె మేలు. పశువుల ఆసుపత్రికి పోయినప్పుడు, సూదిమందు వేయించుటతో తిరిగి రాక, ఏమి పెట్టవలెనో కూడ అడిగి రండు. తెలివికి సంచి వెల అక్కరలేదు.

టైగరు ఆహారమును మార్చిన తరువాత నొప్పి తగ్గి పరుగెత్తెను. చాల యేండ్లు మా గేటు కాచెను. దాని ముందుకాళ్ల వంపు మాత్రము కడవఱకు పోలేదు. క్రొత్తగా చేరిన ప్రతి బాలుడును, “దీని కాళ్లేల యిట్లున్నవండీ?” అని యడిగెడివాడు. ఆ ప్రశ్నకు ప్రతియేటను సిగ్గుతో సమాధానము చెప్పుచు వచ్చితిమి. ఇది చదివిన బాలబాలికలారా! ఈ సాయంకాలము మీ కుక్క పళ్లెములో నేమి యున్నదో ఒక్కసారి వంగి చూడుడు.