ఇంజను ఎందుకు బుసకొడుతుంది?

పికప్ ట్రక్కు ఆగి ఉంది. ఇంజను మాత్రం నడుస్తోంది. బానెట్ కింద బుస్సుమని చప్పుడు! పాము కాదు, గాలి.

పెట్రోలు ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు థ్రాటిల్ కవాటం దాదాపు మూసుకొని ఉంటుంది. పిస్టన్లు గాలిని పీల్చేకొద్దీ దాని వెనుక పీడనం బయటి వాతావరణ పీడనంలో సుమారు మూడోవంతుకు పడిపోతుంది. అక్కడి రబ్బరు గొట్టం చిట్లితే బయటి గాలి బుసకొడుతూ లోపలికి చొరబడుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి ఇంజను వణుకుతుంది. చిట్లినది బ్రేకుకు సాయపడే గొట్టమైతే, ఎంతో బలంగా తొక్కితేగాని బండి ఆగదు!

మెకానిక్ ఒక రబ్బరు గొట్టం కొనను చెవి దగ్గర ఉంచుకొని, రెండో కొనను అనుమానమున్న చోట్ల తిప్పుతాడు, డాక్టరు స్టెతస్కోపులా. బుస పెరిగిన చోటే చిల్లు. పాత గొట్టం తీసి కొత్తది బిగిస్తే సరి. తిరిగే ఫాను దగ్గర మీరు మాత్రం చెయ్యి పెట్టకండి!