పాతబస్తీలో మా ఛాయాచిత్రములు

ఛాయాచిత్రము తీయుట నేడు కష్టమైన పని కాదు. జేబులోని ఫోను పైకెత్తి వ్రేలు తాకించిన చాలును. కాని తీసిన చిత్రమును పదిమంది యెదుట నిలిపి, "ఇది యెందుకు తీసితిరి?" అను ప్రశ్నకు బదులు చెప్పుట నేటికిని కష్టమే. ఛాయాగ్రహణము నేర్చుకొనుటకై ఒక తరగతిలో చేరిన మేము, హైదరాబాదు పాతబస్తీలో తలా యొక విషయమును ఎన్నుకొని చిత్రములు తీసితిమి. పిమ్మట వానిని గోడపై అంటించి, ఒకరి పనిని ఒకరు విమర్శించుకొంటిమి. ఆ విమర్శవలన మాకు తెలిసివచ్చిన సంగతులను పాఠకులతో పంచుకొనవలెనని ఈ ప్రయత్నము.

మొదట మే మందరము పోయినది చార్మినారు కడకే. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడమును తీయని కెమెరా ఈ నగరములో ఉండదు. మా చిత్రములకును బజారులో దొరకు పోస్టుకార్డులకును భేదము కానరాలేదు. నాలుగు మీనారులు, నీలాకాశము, రెండు పావురములు, అంతియే. ఒక సహాధ్యాయి మాత్రము కట్టడమును విడిచి, దాని నీడను పట్టుకొనెను. ఒక మేడపై మూడుకాళ్ల స్టాండు నిలిపి, ఉదయము 6 గంటలు మొదలు సాయంత్రము 6 వరకు గంటకొక చిత్రము చొప్పున తీసెను. వరుసగా చూడగా, నీడ జరిగినకొలదియు తోపుడుబండ్లును జరుగుచుండెను. ఉదయము పడమటివైపున నున్న పండ్లబండి సాయంత్రమునకు తూర్పువైపు చేరెను. మధ్యాహ్నపు చిత్రములో నీడ కట్టడము పాదములచెంత ముడుచుకొనిపోయెను. హైదరాబాదు కర్కటరేఖకు దక్షిణమున నున్నందున, సూర్యుడు ఏటికి రెండుమారులు, మే 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు తొలివారమునను, సరిగా నడినెత్తిన నిలుచును. ఆతడు తీసినది మే నెలలోనే. ఆ యెండలో ఎవరు ఎక్కడ తలదాచుకొనిరో ఆ యొక్క చిత్రమే చెప్పెను.

మరియొక సహాధ్యాయిని నయాపూలు దాటి, మూసీ ఆవలియొడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఎన్నుకొనెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినపుడు, ఆ చెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. ఆమె దూరమునుండి తీసిన చిత్రములలో అది అన్ని చెట్లవంటి చెట్టుగనే యుండెను. ఆ మాట మేము అనగా, ఆమె నొచ్చుకొనక మరల పోయి, చెట్టుక్రింద వెల్లకిల పరుండి కొమ్మలవైపు తీసెను. ఈసారి చూచినవారి కన్నులు తమంత తామే, పట్టుకొనదగిన కొమ్మ యేదియా యని వెదకినవి.

ఇక మా సంగతి. మే మిరువురము కలిసి లాడ్‌బజారు వెనుక సందులో లక్కగాజులు చేయు ఒక యింటిని చేపట్టితిమి. లక్కను బొగ్గులపై మెత్తపరచి, కడ్డీగా సాగదీసి, గుండ్రముగా వంచి, వేడి యుండగనే అద్దపుతునకలను, రాళ్లను ఒక్కొక్కటిగా అదుముదురు. చల్లారిన పిమ్మట రాయి నిలువదు. కావున వారి చేతులు ఆగవు. గదిలో ఒక చిన్న కిటికీనుండి వచ్చునదే వెలుగు. షట్టరును సెకనులో 60వ వంతు తెరచిన చిత్రము చీకటి. 8వ వంతు తెరచిన వెలుగు చాలెను గాని, ఆడుచున్న వ్రేళ్లు చెదరిపోయెను. ఫ్లాషు వేసినచో అద్దములు మిరుమిట్లు గొలిపి గాజే కనబడలేదు. తుదకు వ్రేళ్లు చెదరనిమ్మని 8వ వంతుననే తీసితిమి. ఒక చిత్రము కుదిరెను. తలవంచి కూర్చున్న వృద్ధురాలి ముఖము నిశ్చలముగా నుండ, చేతులు మాత్రము పొగవలె కదలుచున్నవి. తరగతి యంతయు మెచ్చుకొనెను.

ఒక్క సహాధ్యాయిని మాత్రము మాటాడలేదు. తరువాత మెల్లగా, "ఈమె మా గల్లీ చాచీ. ముఖం ఇలా గోడకెక్కుతుందని ఆమెకు తెలుసా? ఆమెను అడిగారా?" అనెను. మేము ఇంటి యజమానిని అడిగితిమి. ఆమెను అడుగలేదు.

అప్పుడు మాకు రాజా దీనదయాళు జ్ఞప్తికి వచ్చెను. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాము మహబూబు అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన, 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియోను నెలకొల్పెను. అచ్చట కెమెరా వెనుక నిలిచినది ఒక ఆంగ్లవనిత. ఆయన సంస్థ తీసిన చిత్రముల గాజు నెగెటివులు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునందు భద్రముగా నున్నవి. ఘోషా పాటించు స్త్రీ సంకోచము లేక చిత్రము తీయించుకొనవలెనన్న, కెమెరా వెనుక ఎవ రుండవలెనో ఆయన ముందే ఆలోచించెను. అంతకంటె ఎంతో సులభమైన యంత్రము చేతనుండియు మేము ఆ మాత్రము ఆలోచింపలేదు.

మరునాడు ఆ చిత్రపు ప్రతిని తీసికొనిపోయి ఆమెకు చూపితిమి. చాలసేపు చూచి నవ్వి, "బాగుంది బేటా. ఇది నా దగ్గర ఉంచండి, గోడ మీద వద్దు. చేతులు తీసుకోండి. బేరానికి వచ్చేవాళ్లందరూ చూసేవేగా అవి" అనెను. గోడపైనుండి చిత్రమును తీసివేసితిమి. కెమెరాలోను చెరిపివేసితిమి. చేతులను మరల తీసితిమి గాని, నిజము చెప్పవలెనన్న, అవి మొదటిదానికి సాటి రాలేదు.

ఈ విషయమై తరగతిలో వాదము జరిగెను. అందరి అనుమతికై కాచుకొన్న, వీథిలోని జీవనము చిత్రములకు దక్కునా యని కొందరు ప్రశ్నించిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. నీడలో నిలిచిన వందమందిని అడిగి తీయుట సాధ్యము కాదు. కాని సంతలోని గుంపు వేరు, తన యింట తలవంచి పనిచేసికొను ఒక మనిషి ముఖము వేరు. మొదటిదానిలో చూపు బజారుది. రెండవదానిలో ఆమె మనలను లోనికి రానిచ్చినది గనుకనే చిత్రము దొరకినది.

నేడు ఇంటింట ఫోనులున్నవి. పనిమనిషిని, కూరలమ్మను, ప్రక్కింటి బిడ్డను మనము తీయుచునే యున్నాము, నలుగురికి పంపుచునే యున్నాము. తీయుటకు ముందొక మాట అడుగుట, తీసిన పిమ్మట ఒక ప్రతిని వారి చేతి కిచ్చుట పెద్ద శ్రమ కాదు. మా తరగతిలో ఇప్పుడు వెలుగును గూర్చియు, కూర్పును గూర్చియు మాటాడుటకు ముందు, చిత్రములోనివారు దీనిని చూచిరా యని అడుగుచున్నాము. చూడలేదన్న చిత్రము గోడపైకి పోదు.